ఎక్కువ వోల్టులను కోసే యంత్రం

కరెంటు బాధ అనగానే మనకు లో-వోల్టేజే గుర్తొస్తుంది. కామారెడ్డి జిల్లా బీబీపేట వంటి మండల కేంద్రంలో ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే లేతు మిషన్ పెట్టుకున్నవారికి మాత్రం హై-వోల్టేజి భయమే ఎక్కువ.

కారణం లెక్కలోనే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టులను 433కు దించుతుంది. త్రీఫేజ్ మోటారుకు కావాల్సింది 415. మిగతా 18 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లోనూ దారిలో తీగల్లోనూ పోయే తరుగు కింద ముందే కలిపినవి, లైను చివరి బోరుకూ సరిపడా అందాలని. బోర్లన్నీ నడుస్తుంటే లెక్క కుదురుతుంది. వానలు పడి అవి ఆగిపోతే తరుగు ఉండదు. పై లైనులో వోల్టేజి 5 శాతం పెరిగిందంటే దగ్గరి షాపులో మీటరు 455 చూపిస్తుంది. చివరివాడికి వేసిన మందు మొదటివాడికి వికటిస్తుందన్నమాట.

వోల్టేజి పెరిగినా మోటారు వేగం పెద్దగా పెరగదు. లోపలి ఇనుప కోర్‌లో అయస్కాంతత్వం నిండిపోయాక ఖాళీగా తిరిగినా కరెంటు విపరీతంగా లాగి వేడెక్కుతుంది. కాంటాక్టర్ కాయిళ్లు మాడతాయి.

దీనికి విరుగుడూ ట్రాన్స్‌ఫార్మర్ వంశంలోనే పుట్టింది. 1885లో బుడాపెస్ట్‌లోని గాంజ్ కర్మాగారంలో జిపెర్నోవ్‌స్కీ, డేరి, బ్లాతీ మూసిన కోర్ ట్రాన్స్‌ఫార్మర్‌ను తయారుచేశారు. 1930లలో అమెరికాలోని జనరల్ రేడియో కంపెనీ ‘వేరియాక్’ను తెచ్చింది. గుండ్రటి వైండింగ్ మీద కార్బన్ బ్రష్‌ను జరిపితే కావలసినంత వోల్టేజి వచ్చేది. చేత్తో తిప్పే ఆ పిడికి బదులు చిన్న మోటారు బిగిస్తే సర్వో స్టెబిలైజర్ అయింది.

దీని పొదుపు అసలు విశేషం. బ్రష్ దగ్గరి వోల్టేజి మరో చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు వెళ్తుంది. అది లైనుకు వరుసలో ఉండి, ఎదురు దిశలో 40 వోల్టులు కలుపుతుంది. 455 కాస్తా 415 అవుతుంది. అదనపు వోల్టేజిని వేడిగా తగలబెట్టదు. 20 కేవీఏ షాపుకు ఈ ట్రాన్స్‌ఫార్మర్ మోసే భారం సుమారు 2 కేవీఏ మాత్రమే.

ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కు ట్యాప్ ఉంటే కరెంటోళ్లు సరఫరా ఆపి దాన్ని మార్చి వోల్టేజి తగ్గించగలరు. కానీ యాసంగిలో చివరి బోరు మళ్లీ మొరాయిస్తుంది. అందుకే షాపులో స్టెబిలైజర్. కొనేముందు పగలూ రాత్రీ మూడు ఫేజులనూ న్యూట్రల్‌తో కొలవాలి. ఒకటి బాగా పెరిగి మరొకటి తగ్గితే న్యూట్రల్ తెగిందేమోనని అనుమానించాలి. అప్పుడు పిలవాల్సింది లైన్‌మన్‌ను.