భూగర్భ జలము ఎవరి సొత్తు?

వానలు తప్పిన యేడు మనము ఆకాశమును నిందింతుము. వానలు కురిసిన యేడును బావు లెండినచో నెవరిని నిందింపవలెను? నేడు అనేక దేశముల రైతుల యెదుట నిలిచియున్న ప్రశ్న యిది. దీనికి సమాధానము చెప్పుట కష్టము కాదు. దాని నంగీకరించుటయే కష్టము.

2002వ సంవత్సరమున అమెరికా, జర్మనీ దేశములవారు జంట ఉపగ్రహములను అంతరిక్షమునకు పంపిరి. భూమ్యాకర్షణమునందలి సూక్ష్మభేదములను బట్టి నేలక్రింది నీటి హెచ్చుతగ్గులను వానివలన లెక్కింపవచ్చును. 2002 మొదలు 2008 వరకు గల ఆరేండ్లలో రాజస్థానము, పంజాబు, హర్యానా ప్రాంతములయందు సుమారు 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలము తరిగిపోయినట్లు అట్లు తేలినది. ఆ యేండ్లలో వర్షపాతము ఇంచుమించు సాధారణముగనే యుండెను. కావున దోషము మేఘములది కాదు. పొలములకు రేయింబవళ్లు నీరు తోడిన యంత్రములది. కాలిఫోర్నియాలోని సాన్ వాకిన్ లోయయందు నీరు తోడినకొలది నేలయే క్రుంగెను. 1925-1977 నడుమ నొకచోట దాదాపు 28 అడుగులు దిగిపోయెను. అట్లు అణగిపోయిన బంకమట్టి పొరలు మరల మునుపటివలె నీరు పట్టజాలవు.

ఐనను వాతావరణపు మార్పును మరువరాదు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో అది పట్టగల నీటియావిరి నూటికి ఏడు పాళ్లు హెచ్చును. అందుచే వాన కొద్ది గంటలలో కుంభవృష్టిగా కురిసి, పిదప దినములతరబడి మొగము చాటువేయుట యధికమగుచున్నది. కుంభవృష్టి నీరు ఇంకుటకు వ్యవధి లేక వాగులపాలగును. ఎండలు ముదిరినకొలది పైరు మరింత నీరు కోరును. రైతు మరింత తోడును. రాబడి తగ్గిన యింటనే వ్యయము పెరిగినట్లున్నది మన స్థితి.

అనంతపురము, నల్లగొండ వంటి మన జిల్లాలలో నేలక్రింద నున్నది గట్టిరాయి. ఆ రాతి బీటలలో నిలుచు నీరు స్వల్పము. ఒకరు లోతుగా బోరు వేసినచో పొరుగువాని బావి యెండును. వాడు అప్పుచేసి యంతకంటె లోతుగా వేయించును. ఈ పందెమున ధనవంతుడు కొన్నాళ్లు నిలుచును. చిన్నరైతు ముందే మునుగును. తన నేలక్రింది నీరు తనదే యను ధీమాను భూస్వామికి 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము కలిగించినది. క్రొత్త బావులకు అనుమతి కావలెనని 2002లో మన రాష్ట్రము వేరొక చట్టము చేసినది. కాని భూమికి గట్లు గలవు. క్రింది నీటికి గట్లు లేవు. ఈ సత్యమును గుర్తింపనిచో ఏ చట్టమును ఫలింపదు.

మార్గము లేకపోలేదు. టోకియో నగరమున 1956 మొదలు వచ్చిన చట్టములచే నీటి తోడకమును అదుపులో నుంచగా, క్రమముగ నీటిమట్టము పైకి వచ్చెను. నేల క్రుంగుట నిలిచిపోయెను. ఈ శతాబ్దపు తొలి దశకమున అనంతపురము మొదలగు ఏడు కరవు జిల్లాలలోని రైతులు వందలాది గ్రామములలో తామే వానను గొలిచి, బావులను గొలిచి, నీటి పద్దు వ్రాసికొని, దాని కనుగుణముగ పంటను నిర్ణయించుకొనిరి.

ప్రతి గ్రామమునను అట్టి పద్దు వ్రాయింపుడనియు, చెరువుల పూడిక తీయింపుడనియు, లోటు గల యేడు వరిని విడిచి మెట్టపైరుల నాశ్రయింపుడనియు భూస్వాములకు మా మనవి. బావి ఒకరిది కావచ్చును, నీరు ఊరందరిది.