ఉల్లిలోని ఫీనాలిక్ పదార్థాలు: అణు నిర్మాణం – యాంటీఆక్సిడెంట్ సామర్థ్యం

ఉల్లి రకాల నాణ్యతను పోల్చేటప్పుడు మొత్తం ఫీనాల్ పరిమాణాన్ని కొలమానంగా తీసుకోవడం పరిపాటి. అయితే ఈ పరిమాణం సమానంగా ఉన్న రెండు నమూనాల యాంటీఆక్సిడెంట్ సామర్థ్యం సమానంగా ఉండకపోవచ్చు. ఫీనాలిక్ పదార్థాల అణు నిర్మాణంలోని భేదమే దీనికి ముఖ్య కారణం.

ఫీనాలిక్ అణువు తన హైడ్రాక్సిల్ సమూహం నుండి హైడ్రోజన్ పరమాణువును ఫ్రీ రాడికల్‌కు అందించి, దానిని నిర్వీర్యం చేస్తుంది. ఈ క్రమంలో ఆ అణువు ఫీనాక్సిల్ రాడికల్‌గా మారుతుంది. అందులోని ఒంటరి ఎలక్ట్రాన్ బెంజీన్ వలయమంతటా విస్తరించడం వలన అది స్థిరత్వం పొంది, ఆక్సీకరణ గొలుసు చర్యను ముందుకు సాగనివ్వదు.

ఉల్లిలోని ప్రధాన ఫ్లేవనాల్ అయిన క్వెర్సెటిన్‌లో ఇందుకు అనుకూలమైన మూడు లక్షణాలు ఉన్నాయి.

1. బి-వలయంలో 3', 4' స్థానాలలో పక్కపక్కనే ఉన్న రెండు హైడ్రాక్సిల్ సమూహాలు (కాటికాల్ నిర్మాణం).
2. సి-వలయంలో 2, 3 కార్బన్ల మధ్య ద్విబంధం, దానితో అనుసంధానమైన 4వ స్థానపు కార్బొనిల్ సమూహం.
3. 3వ స్థానంలోని హైడ్రాక్సిల్ సమూహం.

వీటి ప్రాధాన్యం 1996లో రైస్-ఎవాన్స్ బృందం ప్రచురించిన విలువలలో స్పష్టమవుతుంది. ట్రోలాక్స్‌తో పోల్చినప్పుడు క్వెర్సెటిన్ విలువ 4.7. 3' హైడ్రాక్సిల్ లేని కెంఫెరాల్ విలువ 1.3 మాత్రమే. 3వ స్థానంలో చక్కెర చేరిన రూటిన్ విలువ 2.4.

ఉల్లిగడ్డ లోపలి పొరలలో క్వెర్సెటిన్ అధికభాగం 4'-గ్లూకోసైడ్‌గా, 3,4'-డైగ్లూకోసైడ్‌గా ఉంటుంది. 4' స్థానంలో గ్లూకోజ్ చేరడం వలన కాటికాల్ నిర్మాణం మరుగున పడి, హైడ్రోజన్‌ను అందించే శక్తి తగ్గుతుంది. ఎండిన బయటి పొట్టులో చక్కెర చేరని స్వేచ్ఛా క్వెర్సెటిన్ ఎక్కువ. అయితే దానిని వంటకు ముందే ఒలిచి పారవేస్తారు.

విశ్లేషణకు ముందు నమూనాను ఆమ్లంతో జలవిశ్లేషణ చేస్తే గ్లూకోసైడ్‌లన్నీ క్వెర్సెటిన్‌గా మారి, ఈ భేదం ఫలితాలలో కనిపించదు. కావున రకాల పరీక్షలో పొట్టును, తినే పొరలను విడివిడిగా తీసుకొని, జలవిశ్లేషణ చేయని నమూనాను కూడా హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో పరిశీలించడం అవసరం.

పై విలువలు పరీక్షనాళికకు చెందినవి. ప్రేగులలో గ్లూకోసైడ్‌ల నుండి చక్కెర విడిపోతుంది. ఆపై క్వెర్సెటిన్ గ్లూకురోనైడ్, సల్ఫేట్ రూపాలుగా మారి రక్తంలో చేరుతుంది. కనుక ప్రయోగశాల విలువల ఆధారంగా మాత్రమే ఒక రకం ఆరోగ్యానికి మేలైనదని రైతులకు, వినియోగదారులకు సిఫారసు చేయడం శాస్త్రీయం కాదు.