మస్కట్ ఎండలో ముఖానికి నప్పే కళ్లజోడు

అరబ్బీలో కళ్లజోడును ‘నజ్జారా’ అంటారు. చూపు అనే అర్థమున్న ‘నజర్’ దానికి చుట్టం. “వాడి నజర్ మన పొలం మీద పడింది” అని తెలంగాణలో అంటామే, ఆ నజరే. పదో శతాబ్దంలో బస్రాలో పుట్టి, కైరోలో వెలుగు గురించి పరిశోధించిన ఇబ్న్ అల్-హైథమ్ తన గ్రంథానికి పెట్టిన పేరు ‘కితాబ్ అల్-మనాజిర్’. అదీ అదే ధాతువు. కంట్లోంచి కిరణాలు బయటికి పోవు, వస్తువు మీద పడ్డ వెలుగే కంట్లోకి వస్తుందని ఆయన తేల్చిచెప్పాడు. ఆ తర్వాత రెండున్నర శతాబ్దాలకు గానీ ఇటలీలో తొలి కళ్లజోడు తయారుకాలేదు.

*

ఆ తొలి జోళ్లకు చెవుల మీద కూర్చునే పుల్లలు లేవు. ముక్కు మీద నిలబెట్టుకోవడమో, చేత్తో పట్టుకోవడమో చేసేవారు. పుల్లలు వచ్చింది 18వ శతాబ్దంలో, లండన్‌లో.

ఒమన్‌లో ఫ్రేము ఎంచేటప్పుడు ఈ పుల్లల సంగతే ముందు చూడాలి. అక్కడి మగవాళ్లు తలకు కుట్టుపని చేసిన ‘కుమ్మా’ టోపీ పెడతారు, లేదా ‘మస్సర్’ చుడతారు. ఆడవాళ్లు చెవులు కప్పేలా వస్త్రం కట్టుకుంటారు. బిగుతైన గుడ్డ కింద లావుపాటి ప్లాస్టిక్ పుల్ల ఉంటే చెవి వెనక ఎముకను నొక్కి, కాసేపటికే తలనొప్పి తెస్తుంది. అలాంటివారికి సన్నని, చదునైన లోహపు పుల్ల హాయి. తలగుడ్డ తీయించి ఫ్రేము పెట్టి చూపించడం తప్పు. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉంచి చూడాలి. ఈ మాట మనవాళ్లకూ వర్తిస్తుంది. గోదావరి జిల్లాల నుంచో, నిజామాబాద్ నుంచో వెళ్లి సైట్లో పనిచేసే తమ్ముడు రోజంతా హెల్మెట్‌తోనే ఉంటాడు. కళ్లజోడు దుకాణానికి ఆ హెల్మెట్ పట్టుకెళ్లినా ఎవరూ నవ్వరు, నవ్వకూడదు.

*

ఫ్రేము పుల్ల లోపలివైపు చిన్న అక్షరాల్లో 52, ఒక చిన్న చదరం, 18, ఆపైన 140 అని ఉంటుంది. అది ధర కాదు, మోడల్ నంబరూ కాదు. అద్దం వెడల్పు 52 మిల్లీమీటర్లు, రెండు అద్దాల మధ్య ముక్కు మీది దూరం 18, పుల్ల పొడవు 140.

ఇందులో మొదటి రెండూ కూడితే 70. ఇప్పుడు మీ రెండు కంటిపాపల మధ్య దూరం చూడండి. దుకాణాల్లో దీన్నే పి.డి. అంటారు. పెద్దవాళ్లలో సగటున సుమారు 63 మిల్లీమీటర్లు ఉంటుంది. ఫ్రేములో ఆ కూడిక 70, మీ పి.డి. 62 అయితే, ఒక్కో కన్ను అద్దం నడిమధ్యలో కాకుండా 4 మిల్లీమీటర్లు ముక్కువైపు జరిగి ఉంటుంది. మైనస్ పవర్ ఎక్కువున్నవారికి అప్పుడు బయటి అంచు మందంగా తయారవుతుంది. ముఖం బొద్దుగా ఉంది కదా అని పెద్ద ఫ్రేము అంటగడితే ఆ మందమంతా పక్కనుంచి కనబడుతుంది. పవర్ పెద్దదైతే ఫ్రేము చిన్నది కావాలి. ఖరీదైన పల్చటి అద్దం కొనే ముందు చేయాల్సిన పని ఇదే, దీనికి ఖర్చేమీ లేదు.

*

పవర్ బాగా ఎక్కువున్నవారు కొత్త ఫ్రేము పెట్టుకుని అద్దంలో తమను తాము చూసుకోలేరు. ఆ ఫ్రేములో ఉండేది పవర్ లేని అద్దం కదా! పక్కవాళ్లు బాగుందంటే తల ఊపి వచ్చేస్తారు. ఫోన్లో ఫొటో తీసి, వాళ్ల పాత జోడు పెట్టుకుని చూసుకోమనే దుకాణదారుణ్ణి నమ్మవచ్చు.

*

ఎండకు నల్లబడే అద్దాలు ఎండ ఎక్కువైతే ఇంకా నల్లబడతాయని అందరూ అనుకుంటారు. నిజానికి వాటిని నల్లబరిచేది అతినీలలోహిత కిరణాలు, వెనక్కి తెల్లబరిచేది వేడి. అందుకే చల్లని ప్రాంతాల్లో అవి బాగా నల్లబడతాయి, మస్కట్ జూన్ ఎండలో అంతగా నల్లబడవు. ఒమన్ తీరంలోని ఖురయ్యాత్‌లో 2018 జూన్‌లో ఒక రోజు మొత్తం మీద కనిష్ఠ ఉష్ణోగ్రతే 42.6 డిగ్రీలు నమోదైంది. అలాంటి చోట ఈ అద్దాల మీద పూర్తి భరోసా పెట్టుకోకూడదు. కారులో మరీ కష్టం. ముందు అద్దమే ఆ కిరణాలను చాలావరకు ఆపేస్తుంది కాబట్టి, నల్లబడే పనే పెద్దగా జరగదు. రోజంతా బండి నడిపేవారికి పవర్ వేసిన చలువ కళ్లద్దాలు వేరే ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

అలాగని నలుపు ఉంటే చాలనుకోవద్దు. అతినీలలోహిత కిరణాలను ఆపని నల్లద్దం మామూలు అద్దం కన్నా హానికరం కావచ్చు. చీకటికి కంటిపాప విచ్చుకుంటుంది, కిరణాలు ఇంకా ఎక్కువ లోపలికి పోతాయి. చలువద్దాలకు 0 నుంచి 4 దాకా తరగతులుంటాయి. 4వ తరగతివి మరీ ముదురు, వాటితో బండి నడపకూడదు.

*

చలిదేశాల్లో బయటి నుంచి ఇంట్లోకి రాగానే కళ్లజోడు మసకబారుతుంది. మస్కట్‌లో దీనికి తలకిందులు. ఏసీ గదిలోంచి బయట అడుగుపెట్టగానే సముద్రపు తేమ చల్లని అద్దం మీద చెమ్మగా పట్టేస్తుంది. మెట్లు, రోడ్డు ముందున్నాయంటే ఒక్క క్షణం ఆగి నడవాలి.

*

ముక్కు దగ్గర పట్టే పచ్చటి మురికి మురికి కాదు. చెమట ఉప్పుకు ఫ్రేములోని రాగి చిలుమెక్కిన రంగు అది. చెమట ఎక్కువ పట్టేవారికి టైటానియం మంచిది, అందులో చిలుమూ లేదు, చాలామందికి దురద పుట్టించే నికెలూ సాధారణంగా ఉండదు. కారులో డాష్‌బోర్డు మీద వదిలేసిన జోడు అద్దాల మీది పూత వేడికి వెంట్రుకల్లా చీలుతుంది. ఆ చీలికలు తుడిచినా పోవు.

*

గుండ్రటి ముఖానికి కోణాల ఫ్రేము, చతురస్రపు ముఖానికి గుండ్రటిది అని చెబుతుంటారు. తప్పేమీ లేదు, కాకపోతే అది మూడో సంగతి. ముందు ఫ్రేము వెడల్పు ముఖం వెడల్పును దాటకూడదు. తర్వాత ఒకసారి నిండుగా నవ్వి చూడండి. బుగ్గలు ఫ్రేమును పైకి తోశాయంటే అది మీది కాదు. ముక్కు దూలం తక్కువ ఎత్తున్నవారికి అచ్చుపోసిన ప్లాస్టిక్ ఫ్రేము జారుతూనే ఉంటుంది, సర్దుకునే ప్యాడ్లు ఉన్నదే నిలబడుతుంది. ముక్కుపుడక పెట్టుకునే ఆడవాళ్లు ఫ్రేము దానికి తగలడం లేదని చూసుకోవాలి. మన చామనచాయకూ, బంగారానికీ తేనె రంగు ఫ్రేము ఎంత అందమో!

*

చత్వారం వచ్చాక ప్రోగ్రెసివ్ అద్దాలు తీసుకుంటే ఫ్రేము ఎత్తు కాస్త ఉండాలి, లేకపోతే కింద చదివే భాగం తెగిపోతుంది. ఆ కింది భాగంలోంచి నేల మసగ్గా కనబడుతుంది. నిచ్చెనలు, పరంజీలు ఎక్కేవారికి అది ప్రమాదం. “మీ పనేమిటి?” అని అడగకుండా ఈ అద్దాలు అమ్మకూడదు.

*

ఒమన్‌లో ఉన్న మనవాళ్లకు ఒక మనవి. సెలవు మీద ఊరొచ్చినప్పుడు కంటి పరీక్ష చేయించుకుంటే, చీటీ మీద పవర్‌తో పాటు పి.డి. కూడా రాయించుకోండి. ఆ చీటీని ఫొటో తీసి ఫోన్లో దాచుకోండి. మస్కట్‌లోని రువీలో జోడు విరిగిన రోజున అదే పనికొస్తుంది.