నేల టికెట్టు మీద కూర్చున్నది ఎవరు?

రావల్కోల్ నుంచి మేడ్చల్‌కు సినిమా కోసం నడిచిపోయిన తరం ఇంకా మన మధ్యనే ఉంది. మా వాడలో అరవై దాటిన వాళ్ళను కదిలిస్తే చాలు, ముందు నవ్వుతారు, తర్వాత డేరా గురించి చెప్తారు. కలుపు తీసి ఇంటికొచ్చి, గట్క ఇంత తిని, కింద పరుచుకోవడానికి గోనె సంచి చంకన పెట్టుకుని పది మంది కలిసి పోయేవాళ్ళట. పొద్దుగూకే వేళ మైకులో ఘంటసాల గొంతుతో వేంకటేశ్వరుని పాట వినపడితే టికెట్లు మొదలైనట్టు లెక్క. పాట ఆగేలోపు చేరుకోవాలని పిల్లలను ఎత్తుకుని ఉరికేవాళ్ళు.

ఇలాంటి జ్ఞాపకాలు ఇప్పుడు తెలుగులో బోలెడు అచ్చవుతున్నాయి. నేల, బెంచి, కుర్చీ, బీడీ పొగ, పల్లీల పొట్లం, ఇసుక కుప్ప చేసుకుని దాని మీద కూర్చోవడం: అన్నింటా అవే సంగతులు, అదే బెంగ. చదవడానికి మాకూ ఇష్టమే. కానీ రాసినవాళ్ళలో ఎక్కువమంది కుర్చీలో కూర్చుని నేలను చూసినవాళ్ళు. నేల మీద కూర్చున్నవాళ్ళు రాసింది తక్కువ. అందుకే ఈ వ్యాసం.

ముందు డేరా టాకీసు ఎలా నడిచేదో చెప్పుకోవాలి, ఎందుకంటే ఇప్పటి విద్యార్థులు దాన్ని చూసి ఉండరు. ఊరి బయట ఖాళీ జాగాలో గుంజలు పాతి గుడ్డ కప్పేవాళ్ళు. కరెంటు నమ్మకం లేని రోజుల్లో ఆయిల్ ఇంజన్ మీదే ప్రొజెక్టరు తిరిగేది. చాలా డేరాలకు ఒక్కటే ప్రొజెక్టరు. రెండు వేల అడుగుల రీలు ఇరవై రెండు నిమిషాలకు అయిపోతుంది. అది తీసి ఇంకోటి ఎక్కించేదాకా తెర చీకటి. అందుకే పాత మనుషులు సినిమాకు మూడు నాలుగు ఇంటర్వెల్‌లు ఉండేవని చెప్తే అది అతిశయోక్తి కాదు. ఆ చీకట్లోనే ఈలలు, తిట్లు, చాయ్, పిల్లలను బయటికి తీసుకుపోవడం. ఆడవాళ్ళను ఒక పక్కన, మగవాళ్ళను ఇంకో పక్కన కూర్చోబెట్టి నడుమ తడకో గుడ్డో కట్టేవాళ్ళు.

తెర దగ్గర నేల. వెనక బెంచీ. ఇంకా వెనక కుర్చీ. తెరకు ఎంత దూరం ఉంటే అంత గౌరవం, అంత రేటు. చిత్రం చూడండి, నాటకమైతే దొర ముందు వరసలో కూర్చుంటాడు. మా వాళ్ళు ఎక్కడో దూరంగా, చెట్టు కింద నిలబడతారు. సినిమా వచ్చి ఈ వరస తలకిందులు చేసింది. తెరకు దగ్గర ఉంటే మెడ నొప్పి, కండ్ల మంట కాబట్టి దగ్గరి జాగా బీదలకు దక్కింది.

ఇక్కడ శ్రీలంక తమిళ పండితుడు కార్తిగేసు శివతంబి మాట గుర్తు చేసుకోవాలి. తమిళ సినిమా గురించి 1981లో ఆయన చేసిన వాదన సారాంశం ఇది: అన్ని కులాల వాళ్ళూ ఒకే కప్పు కింద కూర్చుని చూసిన మొదటి ప్రదర్శనశాల సినిమా హాలే, అక్కడ జాగాను నిర్ణయించింది పుట్టుక కాదు, జేబులోని పైసలు. తెలుగు నేల మీద సినిమా హాళ్ళ గురించి, అభిమాన సంఘాల గురించి ఎస్.వి. శ్రీనివాస్ చేసిన పరిశోధన కూడా హాలును ఒక కొత్త బహిరంగ స్థలంగా చూడటం నేర్పింది. గుడి లోపలికి రానివ్వని మనిషికి టాకీసు తలుపు తెరుచుకుంది. ఇది చిన్న విషయం కాదు.

అయితే మా వాడ పెద్దలు చెప్పే ముచ్చట్లు ఈ వాదనకు సగం దాకే తోడొస్తాయి. జేబులో పైసలు ఎవరికి ఉన్నాయి? జీతం ఉన్న మనిషికి ఏడాదికింత వడ్లు, జొన్నలు కొలిచేవాళ్ళు. చేతికి నగదు రాదు. గింజలు కోమటి దుకాణంలో మార్చుకుంటే టికెట్టు పైసలు వచ్చేవి. అంటే పుట్టుకే చాలావరకు పైసలను కూడా నిర్ణయించింది. రేటు పలక మీద కులం పేరు రాయనక్కర్లేదు. నేల రేటు రాస్తే సరిపోయింది.

మా తాత డప్పు కొట్టేవాడు. మేడ్చల్ టాకీసులో కొత్త బొమ్మ పడితే చుట్టు ఊర్లలో చాటింపు వేసిన చేతుల్లో ఆయనవి కూడా ఉన్నాయని మా అవ్వ చెప్తుంది. 'చాటింది మీ తాతనే, కూసున్నది నేల మీదనే. పైసలుంటె కుర్చీ కొనలేకపోయేటోడా? కొనొచ్చు. గని పటేలు ఎనక సీట్ల ఉండంగ ఎట్ల కూసుంటడు బిడ్డా' అన్నది. టికెట్టు ఇచ్చేవాడు ఆపడు. చట్టం ఆపదు. రేపు పొద్దున పనికి పిలిచేవాడు చూస్తాడు, అంతే.

నిజానికి చట్టం అప్పటికే మన పక్షాన ఉంది. రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్ళతో పాటు బహిరంగ వినోద స్థలాలను కూడా పేరు పెట్టి చెప్పింది. కులం కారణంగా అక్కడికి ఎవరినీ రానివ్వకుండా చేయకూడదు. 1955లో వచ్చిన అంటరానితనం నేరాల చట్టం, తర్వాత పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మారినది, వినోద స్థలంలోకి ప్రవేశాన్ని అడ్డుకోవడాన్ని నేరం చేసింది. బావి, బడి, గుడి గురించి మనం ఎన్నో సభలు పెట్టుకున్నాం. టాకీసు పేరు కూడా ఆ వరసలోనే ఉందన్న సంగతి మాత్రం మన శిక్షణ తరగతుల్లో పెద్దగా వినపడదు.

చట్టానికీ సీటుకూ నడుమ ఎంత దూరం ఉందో చుండూరు చెప్పింది. గుంటూరు జిల్లా చుండూరులో దళితులు చదువుకుని, రైల్వేలో చిన్న ఉద్యోగాలు చేస్తూ, పొలం పని మీదే బతకాల్సిన అవసరం లేని స్థితికి కొందరు చేరుకున్నారు. 1991 జులై 4న ఆ ఊరి సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ఒక రెడ్డి యువకుడికి తగిలింది. హాల్లో కాలు తగలడం రోజూ జరిగేదే. ఇక్కడ మాత్రం అది గొడవగా, తర్వాత సాంఘిక బహిష్కరణగా మారింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. చుండూరులోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది.

కాలు తగలడమే కారణమని మేము అనడం లేదు. భూమి, చదువు, తల ఎత్తి నడవడం, అన్నీ వెనక ఉన్నాయి. కానీ ఆ అక్కసు బయటపడింది సినిమా హాల్లో. పొలంలో దూరం పాటించొచ్చు, బావి దగ్గర పాటించొచ్చు. చీకట్లో వరస సీట్లలో పాటించలేరు. శివతంబి చెప్పిన ఒకే కప్పు కొందరికి ఎంత భరించరానిదో అక్కడ తేలింది.

ప్రపంచంలో మిగతా చోట్లా హాలు సీటు మీద ఇలాంటి పోరాటం జరిగింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్ళకు బాల్కనీ, దానికి వేరే మెట్లు. మన దగ్గర బాల్కనీ పెద్దలది, అక్కడ తక్కువ చేసిన వాళ్ళది. అవమానానికి ఎత్తుతో పనిలేదు. కెనడాలో 1946 నవంబరులో వయోలా డెస్మండ్ అనే నల్లజాతి వ్యాపారస్తురాలు కింది హాలు టికెట్టు అడిగితే ఇవ్వలేదు. అయినా ఆమె కింద కూర్చుంది. పోలీసులు ఈడ్చుకుపోయి రాత్రంతా జైల్లో పెట్టారు. పెట్టిన కేసు జాతి గురించి కాదు, రెండు టికెట్ల మధ్య ఒక్క సెంటు పన్ను తేడా ఎగ్గొట్టిందని! రేటు పలక కులానికి ముసుగు వేయడం మన ఒక్కరి విద్య కాదన్నమాట. 2018 నుంచి ఆ దేశపు పది డాలర్ల నోటు మీద ఆమె బొమ్మ ఉంది.

మా తరానికి డేరా దక్కలేదు, వీసీఆర్ దక్కింది. పండగలకు, పెళ్ళిళ్ళకు టీవీ, క్యాసెట్లు కిరాయికి తెచ్చి తెల్లవార్లూ మూడు సినిమాలు వేసేవాళ్ళు. ఊళ్ళో వేస్తే మా వాడ పిల్లలం వెనక నిలబడేవాళ్ళం. ఎవరూ పొమ్మనలేదు, కూర్చోమనీ అనలేదు. ఒక ఏడు వాడవాళ్ళంతా చందాలు వేసుకుని మా దగ్గరే టీవీ పెట్టించుకున్నాం. ఆ రాత్రి ఊళ్ళో నుంచి కొందరు పోరగాళ్ళు వచ్చి, మా పక్కన చాప మీద కూర్చుని చూశారు. పొద్దున వాళ్ళ ఇండ్లల్లో తిట్లు పడ్డాయని విన్నాం.

ఇప్పుడు మేడ్చల్ రోడ్డు మీద కొంపల్లిలో మల్టీప్లెక్స్ ఉంది. సికింద్రాబాద్‌లో సంగీత్ కూల్చేశారు, ప్యారడైజ్ టాకీసు పోయి పేరు బిర్యానీకి మిగిలింది. నేల తరగతి ఎక్కడా లేదు, 2018లో మాత్రం 'నేల టిక్కెట్టు' అని ఒక సినిమా వచ్చింది. 2021 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం మల్టీప్లెక్స్ టికెట్టు 100 నుంచి 250 రూపాయల దాకా ఉండొచ్చని జీవో ఇచ్చింది. ఆ ఏడు మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 245 రూపాయలు. సీటు నంబరు ఫోన్లోనే వస్తుంది, పక్కన ఎవరు కూర్చుంటారో ఎవరికీ తెలియదు. ఇది నిజమైన స్వేచ్ఛే, మేమూ అనుభవించాం. కానీ ఆ స్వేచ్ఛ ఖరీదు ఒక రోజు కూలి కన్నా ఎక్కువైతే, ఉపాధి పనికి పోయే మా పెద్దమ్మ ఎప్పుడు పోవాలి? ఆమె ఫోన్లో యూట్యూబ్ చూస్తుంది.

మీ ఊరి టాకీసు గురించి పెద్దలను అడిగే విద్యార్థులకు ఒక మాట. ఏ సినిమా, ఏ హీరో అని మొదలుపెడితే సరదా ముచ్చట్లే వస్తాయి. ఎక్కడ కూర్చున్నారు, పక్కన ఎవరున్నారు, పైసలు ఎట్ల తెచ్చుకున్నారు, తిరిగొచ్చేటప్పుడు ఏ బాటన వచ్చారు అని అడగండి. మేము అవ్వను చివరి ప్రశ్న అడిగితే, ఊరి నడుమ నుంచి కాకుండా చెరువు కట్ట మీదుగా వచ్చేవాళ్ళమని చెప్పింది. 'రాత్రి పూట చెప్పులు ఇడిసి చేతుల పట్టుకునుడెందుకని' అన్నది.