దీవిని ఎందుకు వదిలారు? – వలస బతుకుల బొమ్మల పుస్తకాలు

పిల్లల సాహిత్యం గురించి మనం చాలానే మాట్లాడాం. నీతికథలు, గేయాలు, జానపద కథల సేకరణ – వీటిమీద వ్యాసాలు వచ్చాయి, సభలు జరిగాయి. కాని బొమ్మల పుస్తకాన్ని సాహిత్య విమర్శకు తగిన వస్తువుగా మనం ఇంకా గుర్తించలేదనే చెప్పాలి. చదవడం రాని పిల్లల్ని కాసేపు ఊరుకోబెట్టే సరుకు అన్న చిన్నచూపు మనలో ఉంది. నాలోనూ ఉండేది. ఒక చిన్న ప్రశ్న దాన్ని పోగొట్టింది.

మా అమ్మాయి కుటుంబం న్యూజెర్సీలో ఉంటోంది. కొన్ని నెలలు వాళ్ల దగ్గర ఉన్నప్పుడు ఆరేళ్ల మనవరాలిని ఊరి గ్రంథాలయానికి తీసుకువెళ్లేవాణ్ణి. ఒకరోజు ఆ పిల్ల ఒక బొమ్మల పుస్తకం నా చేత చదివించుకుని, "తాతయ్యా, వీళ్లు వాళ్ల దీవి వదిలేసి ఎందుకొచ్చారు?" అని అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత కరీబియన్ దీవుల నుంచి అమెరికాకు వలస వచ్చిన రచయితల బొమ్మల పుస్తకాలు వెతికి చదివాను. ఈ కోవ పుస్తకాలను అంచనా కట్టడానికి ఆ పసిపిల్ల ప్రశ్నకు మించిన గీటురాయి లేదని నా అభిప్రాయం.

ముందుగా రూపం గురించి రెండు మాటలు. బొమ్మల పుస్తకం సాధారణంగా ముప్ఫైరెండు పేజీలు. మాటలు తక్కువ. బొమ్మ మాటకు అలంకారం కాదు. మాట చెప్పనిదాన్ని బొమ్మ చెబుతుంది. ఒక్కోసారి మాటను ఖండిస్తుంది కూడా. చదివేది పెద్దవాళ్లు, చూసేది పిల్లలు. కనుక ఈ రూపం ఒకేసారి రెండు తరాలతో మాట్లాడుతుంది. వలస వచ్చిన ఇంట్లో ఊరు తెలిసినవాళ్లు పెద్దవాళ్లు, తెలియనివాళ్లు పిల్లలు. ఆ ఇద్దరినీ ఒక పుటమీద కూర్చోబెట్టడం ఈ రూపానికి సహజంగా అబ్బిన పని.

అయితే ఆ పుటమీద చోటు ఎవరికి దొరికింది? 1965లో నాన్సీ లారిక్ అనే విద్యావేత్త అమెరికా పిల్లల పుస్తకాలు ఎంత తెల్లగా ఉన్నాయో లెక్క తీసి చూపించింది. 1962 నుంచి 1964 వరకు మూడేళ్లలో వచ్చిన 5,206 పుస్తకాల్లో ఒక్క నల్లజాతి మనిషైనా కనిపించినవి 349 మాత్రమే. అంటే నూటికి ఏడు కూడా లేవు. దీవుల నుంచి వచ్చిన నల్ల, గోధుమ రంగు పిల్లల స్థితి వేరుగా ఉండి ఉంటుందని అనుకోనక్కరలేదు. పుస్తకం తెరిచిన పిల్లకు తనలాంటి మనిషి అందులో లేకపోవడం చిన్న విషయం కాదు. ఈ దేశంలో నీకు చోటు లేదని అచ్చుయంత్రం చెప్పే మాట అది.

ఆ మాటకు చాలా ముందే జవాబు చెప్పిన మనిషి పూరా బెల్ప్రే. ఆమెది ప్యూర్టో రికో. ఆ దీవి 1898లో స్పెయిన్ చేతినుంచి అమెరికా చేతికి వచ్చింది. 1917లో దీవివాసులకు అమెరికా పౌరసత్వం ఇచ్చారు. కాగితంమీద పౌరులు, న్యూయార్క్ వీధిలో పరాయివాళ్లు – వలస పాలన సృష్టించే విచిత్రస్థితి ఇదే. బెల్ప్రే 1921లో న్యూయార్క్ ప్రజా గ్రంథాలయంలో ఉద్యోగంలో చేరింది. తన దీవి కథలు అక్కడి అరల్లో లేవని గమనించింది. ఇంట్లో విన్న కథలను పిల్లలకు తానే చెప్పడం మొదలుపెట్టింది. బొద్దింక పడుచు మార్టినా, ఆమెను పెళ్లాడిన ఎలుక పెరేజ్‌ల కథ 1932లో బొమ్మలతో అచ్చయింది. పెరేజ్ వంటపాత్రలో పడి చనిపోతాడు. చావును పిల్లలకు తెలియకుండా దాచాలని ఆ జానపద కథ అనుకోలేదు, బెల్ప్రే కూడా అనుకోలేదు. ఆమె స్పానిష్‌లో కథలు చెబుతుంటే పిల్లల వెంట తల్లులూ గ్రంథాలయం మెట్లెక్కారు. 1996 నుంచి అక్కడి లాటినో రచయితలకు, చిత్రకారులకు ఇస్తున్న బాలసాహిత్య పురస్కారం ఆమె పేరిటే ఉంది.

బెల్ప్రే చేసినది మొదటి అడుగు. దీవి కథను ఆమె ఓడ దాటించింది. కాని వలస ఎందుకు అన్న ప్రశ్న ఆ జానపద కథల్లో లేదు, ఉండే వీలూ లేదు. ఆ ప్రశ్న బొమ్మల పుస్తకంలోకి రావడానికి మరికొన్ని తరాలు పట్టింది.

మా మనవరాలు చదివించుకున్న పుస్తకం 'ఐలండ్‌బార్న్'. జునో దియాజ్ రాశాడు, కొలంబియా నుంచి వచ్చిన లియో ఎస్పినోసా బొమ్మలు వేశాడు. 2018లో వచ్చింది. దియాజ్ డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టి, ఆరేళ్ల వయసులో న్యూజెర్సీకి వచ్చినవాడు. కథలో లోలా అనే పిల్ల ఉంటుంది. తాము పుట్టిన దేశం బొమ్మ గీసి తెమ్మని పంతులమ్మ పిల్లలకు చెబుతుంది. లోలా పసికందుగా ఉండగానే దీవి వదిలి వచ్చింది; ఆమెకు ఏమీ జ్ఞాపకం లేదు. అందుకని చుట్టాలనూ, వీధిలోని వాళ్లనూ అడుగుతూ పోతుంది. ఒకరు పాటలు చెబుతారు, ఒకరు మామిడిపళ్లు, ఒకరు గబ్బిలాలు, ఒకరు తుఫాను. చివరికి ఆమె ఉండే భవనం బాగోగులు చూసే మీర్ అనే పెద్దాయన మరొకటి చెబుతాడు. ఆ దీవిని ముప్ఫై ఏళ్లు ఒక రాక్షసుడు పట్టి పీడించాడు. చివరికి జనమే ఎదురుతిరిగారు.

ఇక్కడ గమనించవలసినవి రెండు. మొదటిది: జ్ఞాపకం వ్యక్తి సొత్తు కాదు. లోలాకు లేని జ్ఞాపకం వీధి మొత్తానికి ఉంది. ఆమె దాన్ని ఇంటింటా పోగుచేసి పుస్తకంగా కుట్టింది. సమష్టి శ్రమగా జ్ఞాపకాన్ని చూపడం ఈ పుస్తకం సాధించిన గొప్ప విషయం. రెండవది: ఈ సత్యం చెప్పినవాడు పంతులమ్మ కాదు, రాజకీయ నాయకుడు కాదు, మరమ్మతులు చేసుకుని బతికే శ్రామికుడు.

అయితే రాక్షసుడి పేరేమిటి? పుస్తకం చెప్పదు. దీవి పేరు కూడా చెప్పదు. ఆ పేరు రఫాయెల్ ట్రుహీయో. 1930 నుంచి 1961లో హతుడయ్యేదాకా డొమినికన్ రిపబ్లిక్‌ను ఏలిన నియంత. 1937లో సరిహద్దు ప్రాంతంలో వేలాది హైతీ ప్రజలను ఊచకోత కోయించినవాడు. 1960 నవంబరు 25న మిరాబల్ అక్కచెల్లెళ్లు ముగ్గురిని చంపించినవాడు. మన బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది. ఈ ఫకీరు ప్రాణం కూడా చాలాకాలం సముద్రం అవతలే ఉంది. 1916 నుంచి 1924 వరకు ఆ దేశాన్ని ఆక్రమించిన అమెరికా సైన్యం నెలకొల్పిన దళంలోనే అతను సైనికుడుగా తయారయ్యాడు. 1965లో అమెరికా సైన్యం మళ్లీ అక్కడ దిగింది. పెద్ద ఎత్తున వలస ఆ దశాబ్దంలోనే మొదలయింది. లోలా ఇప్పుడు బతుకుతున్న దేశానికీ ఆ రాక్షసుడికీ ఉన్న ఈ చుట్టరికాన్ని పుస్తకం వదిలేసింది. ఆరేళ్ల పిల్లకు ఇదంతా చెప్పగలమా అని మిత్రులు అడగవచ్చు. చిలుక ఎక్కడుందో బాలనాగమ్మ కథ మన పిల్లలకు చెబుతూనే ఉంది కదా! లోపం పిల్లల వయసులో లేదు, పెద్దల సంకోచంలో ఉంది. అయినా రాక్షసుడు ఉన్నాడని చెప్పడమే చాలా పుస్తకాలు చేయని పని. ఆ గౌరవం దియాజ్‌కు దక్కాలి.

అదే దీవిలో రెండో సగం హైతీ. ఆ నేల నుంచి వచ్చిన రచయిత్రి ఎడ్విజ్ డాంటికా. 1937 నాటి ఊచకోతమీద 1998లో నవల రాసింది ఆమే. చిన్నతనంలోనే తల్లిదండ్రులు బతుకుతెరువు కోసం న్యూయార్క్ వెళ్లిపోతే, పన్నెండేళ్లు వచ్చేవరకు హైతీలో బంధువుల దగ్గర పెరిగింది. ఆమె 2015లో రాసిన 'మామాస్ నైటింగేల్' పుస్తకానికి లెస్లీ స్టాబ్ బొమ్మలు వేసింది. సాయా అనే పిల్ల తల్లిని, సరైన కాగితాలు లేవని నిర్బంధించారు. పిల్ల ఇంట్లో టెలిఫోన్ యంత్రంలో మిగిలిన తల్లి గొంతు వింటూ ఉంటుంది. తల్లి కథలు చెప్పి క్యాసెట్లలో పంపుతుంది. తండ్రి రాసిన ఉత్తరాలకు జవాబులు రావు. సాయా తన బాధ తానే రాస్తే పత్రిక అచ్చువేస్తుంది. తల్లి ఇంటికి వస్తుంది.

ఒక్క న్యాయాధికారి దయతో సమస్య తీరినట్టు చూపడం ఈ కథలోని బలహీనత. నిర్బంధంలో మిగిలిపోయిన తల్లుల మాటేమిటని అడగవలసిందే. కాని ఇందులో దీవి సముద్రతీరపు చిత్రపటం కాదు; నిర్బంధంలో ఉన్న తల్లి గొంతులో మిగిలిన భాష, కథ. పైగా, రాయడం ఒక చర్య అని పిల్లకు తెలుస్తుంది. రచయితలమైన మనకు ఇంతకంటే ఏం కావాలి?

వీటి పక్కనే మరో రకం పుస్తకాలు అరల నిండా ఉన్నాయి. కొబ్బరిచెట్లు, నీలిసముద్రం, రంగురంగుల పండుగ, నవ్వే బామ్మ. వాటిలో పంట ఉంటుంది, కూలిరేటు ఉండదు. ఓడ ఉంటుంది, ఎక్కించినవాడు ఉండడు. అంత అందమైన దీవిని వదలడం వాళ్ల తెలివితక్కువతనం కాబోలు అనిపిస్తుంది. సంస్కృతిని తిండికీ బట్టకీ కుదించి అమ్మే మార్కెట్‌కు ఇవి అనుకూలం. అందం ఉండకూడదని నేననడం లేదు. లోలా పుస్తకంలోనూ మామిడిపండు ఉంది. దాని పక్కన రాక్షసుడూ ఉన్నాడు. తేడా అక్కడే ఉంది.

ఈ దీవుల కథ మనకు దూరపుది కాదు. 1834 తర్వాత మారిషస్ చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్లినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీదే తెలుగువాళ్లను అక్కడ కోరంగీలన్నారు. ఫిజీ తోటలకూ మనవాళ్లు ఓడలెక్కారు. 1990లో మారిషస్‌లో ప్రపంచ తెలుగు మహాసభలు జరుపుకుని భాష నిలిచిందని మురిసిపోయాం. ఆ ఓడ ఎందుకు ఎక్కవలసి వచ్చిందో మన పిల్లలకు బొమ్మలతో చెప్పే పని మాత్రం మనకోసం ఎదురుచూస్తూనే ఉంది.

తిరిగి వచ్చేముందు మా మనవరాలికి రాక్షసుడి పేరు చెప్పాను. శ్రద్ధగా విని, "మరి అమ్మా నాన్నా ఎందుకొచ్చారు?" అంది. చదువు, అప్పు, ఉద్యోగం అంటూ ఏదో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను. ట్రుహీయో సంగతి చెప్పినంత తేలిగ్గా ఇది చెప్పలేకపోయాను. పరాయి దీవి గురించి నిజం చెప్పడం సులువు. మన ఇంటి గురించి ముప్ఫైరెండు పేజీల్లో, ఆరేళ్ల పిల్లకు అర్థమయ్యే మాటల్లో నిజం రాయడం మన ముందున్న పని.