ముసలి కుక్కని తెచ్చుకుంటే

పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. అమ్మానాన్నలు హైదరాబాదు ఫ్లాట్‌లో ఇద్దరే. తోడుగా ఉంటుందని సెలవుల్లో వచ్చినప్పుడు ఓ లాబ్రడార్ పిల్లని కొనిచ్చి వెళ్తారు. ప్రేమతో చేసే పనే. కానీ ఆ తర్వాత దాని వెనక పరుగెత్తాల్సింది డెబ్బై ఏళ్ల మోకాళ్లు.

కుక్కపిల్లకి 28 పాలపళ్లు ఊడి, 42 గట్టి పళ్లు వచ్చేసరికి ఆరేడు నెలలు పడుతుంది. అప్పటిదాకా చెప్పులు, కుర్చీ కాళ్లు, ఛార్జర్ వైర్లు ఏవీ మిగలవు. మూత్రానికి రెండు మూడు గంటలకోసారి కిందికి తీసుకెళ్లాలి. పార్వో అనే వైరస్ జబ్బు ఎక్కువగా ప్రాణం తీసేది ఈ వయసులోనే కాబట్టి నాలుగు నెలలు నిండేదాకా టీకాలకి తిరుగుతూ ఉండాలి. ఏడాదికల్లా అది ముప్ఫై కిలోలకి చేరవచ్చు. పిల్లి కనబడి ఒక్క ఊపున గొలుసు లాగిందంటే పెద్దాయన కింద పడతాడు. లాబ్రడార్ ఆయుష్షు పది, పన్నెండేళ్లు. డెబ్బైలో నెత్తికెత్తుకున్న బాధ్యత ఎనభై దాటాకగానీ దిగదు.

అదే జంతువుల షెల్టర్ నుంచి తెచ్చుకునే ఎనిమిదేళ్ల కుక్కయితే దాని సైజు, కోపం, భయాలు అన్నీ ముందే కనబడతాయి. లిఫ్టులో బెదురుతుందా, చంటిపిల్లల్ని ఓర్చుకుంటుందా అని షెల్టర్‌వాళ్లనే అడగొచ్చు. రెండు పూటలా నెమ్మదిగా నడిపిస్తే చాలు, రోజులో ఎక్కువ భాగం నిద్రపోతుంది. పిల్లుల్లోనూ అంతే. పిల్లికూన పెద్దయ్యాక ఒళ్లో కూర్చునే రకమో, దూరంగా ఉండే రకమో ముందుగా చెప్పలేం. పదేళ్ల పిల్లి స్వభావం చాలావరకు స్థిరపడి ఉంటుంది.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. కుక్కల విషయంలో ఆ మాట చెల్లదు. వయసొచ్చినా అవి కొత్త పేరుకి పలుకుతాయి, కొత్త ఇంటి వేళలు నేర్చుకుంటాయి. కాకపోతే వ్యవధి ఇవ్వాలి. మొదటి మూడు రోజులు బెదురు, మూడు వారాలకి అలవాటు, మూడు నెలలకి ఇల్లు తనదనుకోవడం అని పెంపకందార్లు చెప్పే అంచనా. పిల్లి మంచం కింద దూరి రాకపోతే లాగకండి. ఒకే గదిలో తిండి, నీళ్లు, ఇసుక ట్రే పెట్టి వదిలేయండి.

షెల్టర్‌లో పడి ఉందంటే ఏదో లోపం ఉండే ఉంటుందని చాలామంది అనుమానం. యజమాని చనిపోవడం, ఇల్లు మారడం, విదేశాలకి వెళ్లిపోవడం లాంటివి ఎన్నో జరుగుతాయి. అందులో కుక్క తప్పేముంది? పెంపుడు జంతువుని కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. అయినా వదిలేస్తూనే ఉన్నారు. అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన హైదరాబాద్ బ్లూ క్రాస్ లాంటి సంస్థలు వాటిని ఆదుకుంటున్నాయి.

ఖర్చు దాచకూడదు. పళ్లు, కీళ్లు, మూత్రపిండాలు ఈ వయసులో ఇబ్బంది పెడతాయి. తెచ్చిన వారంలోనే రక్త, మూత్ర పరీక్షలు చేయించాలి. కంటిలో నీలిపొర కనబడగానే శుక్లం అనుకోనక్కర్లేదు, చాలాసార్లు అది చూపుని పెద్దగా తగ్గించని వయసు మార్పే. డాక్టరు చూసి తేలుస్తారు. మన ఇళ్లల్లో టైల్స్, గ్రానైట్ మీద కాళ్లు జారి నొప్పులు ముదురుతాయి, అది తిరిగేచోట పట్టాలు పరవాలి. నొప్పికి మన మందులు వేయకండి. పిల్లికి ఒక్క పారాసిటమాల్ బిళ్లే ప్రాణాంతకం కావచ్చు.

"నాలుగేళ్లకే పోతుంది కదా" అని వెనకాడేవాళ్లుంటారు. నిజమే, ఆ దుఃఖం తొందరగా వస్తుంది. మనం తేకపోయినా దాని ఆయుష్షు అంతే. ఆ నాలుగేళ్లు బోనులో గడుస్తాయా, మంచం పక్కన గడుస్తాయా అన్నదే మన చేతిలో ఉంది. ఇంట్లో మరో కుక్క ఉంటే మాత్రం తెచ్చే ముందు రెండింటినీ బయట, ఎవరి ఇలాకా కాని చోట కలపండి. పొసగదని తేలితే షెల్టర్‌వాళ్లతో అక్కడే చెప్పేయండి.