కదిలే ఇల్లు – కాగితంపై మాట

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు మన పెద్దలు. ఒకచోట నిలిచి ఉండే ఇంటికే ఇన్ని కష్టాలు ఉంటే, యజమానితోపాటు ఊరూరా తిరిగే ఇంటి సంగతి ఏమిటి? అమెరికాలో 'ట్రక్ క్యాంపర్' అనే పేరుతో అటువంటి ఇల్లు ఒకటి ఉంది. దాని నిర్మాణాన్నీ, దానికి వచ్చే రిపేర్లనూ, దాన్ని అమ్మినవారు ఇచ్చే వారంటీనీ పరిశీలిస్తే ప్రతి కొనుగోలుదారుడూ గ్రహించవలసిన విషయాలు కొన్ని బోధపడతాయి.

పికప్ ట్రక్కు వెనుకభాగంలో సామాను వేసుకొనే తొట్టి ఉంటుంది. ఆ తొట్టిలో దించి బిగించే చిన్న గదే ట్రక్ క్యాంపర్. అందులో పడక, పొయ్యి, ఫ్రిజ్, నీటితొట్టి, చలికాలానికి హీటరు అమర్చి ఉంటాయి. ఇది ట్రక్కులో శాశ్వతంగా అతికినది కాదు. నాలుగు మూలలా ఉన్న జాకీలను నేలకు దించి ట్రక్కును ముందుకు నడిపితే గది విడిపోయి జాకీల మీద నిలుస్తుంది. అందువల్ల ట్రక్కును మెకానిక్కు దగ్గరకు పంపవలసి వచ్చినా ఇంటిని ఉన్నచోటనే ఉంచుకోవచ్చు.

ప్రసిద్ధ అమెరికన్ రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960లో ఇటువంటి బండిలోనే చార్లీ అనే తన కుక్కను వెంటబెట్టుకొని దేశాటనానికి బయలుదేరాడు. డాన్ క్విక్సోట్ గుర్రం పేరైన 'రోసినాంటే'ను తన బండికి పెట్టుకున్నాడు. ఆ యాత్రా విశేషాలతో వెలువడిన గ్రంథం 'ట్రావెల్స్ విత్ చార్లీ' (1962). అధికభారం మోస్తున్న ఆ బండి వెనుక టైరు ఒరెగాన్ రాష్ట్రంలో వాన కురుస్తున్న ఒక ఆదివారం నాడు పగిలిందనీ, ఒక సర్వీస్ స్టేషన్ నడిపే వ్యక్తి పూనుకొని తగిన టైర్లు సంపాదించి పెట్టాడనీ ఆయన అందులో వ్రాశాడు. ఆ బండి నేటికీ కాలిఫోర్నియాలోని సలీనాస్ పట్టణంలో ఆయన స్మారక ప్రదర్శనశాలలో ఉంది.

నేలమీది ఇంటికి లేని బాధ కదిలే ఇంటికి ఉంది. అది ప్రయాణం పొడుగునా కుదుపులకు లోనవుతుంది. మరలు వదులవుతాయి. పైకప్పు అతుకుల వద్ద పూసిన సీలెంటు ఎండకు ఎండి, చలికి బిగిసి చిట్లుతుంది. ఆ సన్నని పగులే వాననీటికి ద్వారం. లోపలి చట్రం కొయ్యది అయితే అది నెమ్మదిగా కుళ్లిపోతుంది. పైకి మాత్రం రేకు మెరుస్తూనే ఉంటుంది. గోడ ఉబ్బి కంటికి కనబడేనాటికి నష్టం చాలా దూరం వెళ్లి ఉంటుంది. శీతల ప్రాంతాలలో మరొక ప్రమాదం ఉంది. గొట్టాలలో మిగిలిన నీరు గడ్డకట్టి వ్యాకోచించి వాటిని పగులగొడుతుంది. అందుకే చలికాలానికి ముందే నీటిని పూర్తిగా తీసివేయాలి.

'వారంటీ ఉన్నది కదా, భయమెందుకు?' అని కొందరు అనుకుంటారు. వారంటీ, గ్యారంటీ అనే రెండు మాటలూ ఒకే మూలం నుండి పుట్టాయి. ఆ మూలానికి రక్షకుడు అని అర్థం. అయితే ఈ ఇంటికి రక్షకుడు ఒక్కడు కాడు. ట్రక్కును చేసినవారు ఒకరు, గదిని కట్టినవారు మరొకరు. ఫ్రిజ్, హీటరు తయారుచేసినవారు వేరొకరు. ఎవరి గడువు వారిది, ఎవరి షరతులు వారివి. ఫ్రిజ్ ఆగిపోయిందనుకోండి. లోపం ఫ్రిజ్‌దా, గదిలోని వైర్లదా, ట్రక్కు బ్యాటరీదా? ప్రతివారూ పక్కవారిని చూపిస్తే నడుమ నలిగేది యజమానియే. అతడు ఆ గదిలోనే నివసిస్తూ ఉంటే, రిపేరు జరిగినన్నాళ్లూ అతని కుటుంబానికి తలదాచుకొనే చోటు లేకుండా పోతుంది.

హామీతోపాటు బాధ్యత కూడా ఉంటుంది. అతుకులను ఎప్పటికప్పుడు పరీక్షించి సీలెంటు పూయించడం సాధారణంగా యజమాని వంతు. దానిని విస్మరిస్తే కంపెనీ వారు రిపేరుకు నిరాకరించవచ్చు. బరువు విషయమూ అంతే. ట్రక్కు ఎంత భారం మోయగలదో తలుపు వద్ద అంటించిన పట్టికలో ఉంటుంది. గది బరువొక్కటే చూస్తే చాలదు. నూరు లీటర్ల నీరు నింపితే నూరు కిలోలు పెరుగుతాయి. మనుషులూ, సామానూ ఆ లెక్కలోనివే.

కొనుగోలుదారుని రక్షణకు అమెరికాలో 1975లో మాగ్నుసన్–మాస్ వారంటీ చట్టం వచ్చింది. వ్రాతపూర్వకంగా ఇచ్చే వారంటీ షరతులు సులభమైన భాషలో ఉండాలని అది నిర్దేశించింది. తమ విడిభాగాలనే డబ్బిచ్చి కొనాలన్న నిర్బంధాన్ని సాధారణంగా నిషేధించింది. మాటిమాటికీ చెడిపోయే వాహనాన్ని అక్కడివారు 'నిమ్మకాయ' అంటారు. అటువంటి వాహనాల విషయమై కనెక్టికట్ రాష్ట్రం 1982లో చట్టం చేయగా ఇతర రాష్ట్రాలు అనుసరించాయి. కానీ ఇవి ప్రధానంగా మోటారు వాహనాలకు ఉద్దేశించినవి. ఇంజను లేని క్యాంపర్ గది చాలాచోట్ల వీటి పరిధిలోకి రాదు.

మన దేశంలో 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 నాటి చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రెండేళ్లలోగా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. 1915 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చు. సెల్‌ఫోను కొన్నా, మోటారు సైకిలు కొన్నా పాటించవలసిన పద్ధతి ఒక్కటే. కొనడానికి ముందే వారంటీ పత్రాన్ని చదవాలి. రసీదులు భద్రపరచాలి. లోపం కనబడిన రోజే తేదీతో ఫోటో తీసి, ఫిర్యాదును వ్రాతపూర్వకంగా పంపాలి. వారంటీ గడువులో బయట రిపేరు చేయించవలసి వస్తే ముందుగా కంపెనీ అనుమతి పొందాలి.

నోటిమాటను మరచిపోవచ్చు, మార్చవచ్చు. కాగితంపై మాటకు సాక్ష్యం ఉంటుంది. అయినా ఆ కాగితం వాననీటిని ఆపలేదు. ఏటేటా నిచ్చెన వేసుకొని పైకప్పును పరీక్షించే యజమాని చేయి ఆపగలదు. హామీపత్రమూ జాగరూకతా రెండూ ఉన్నప్పుడే, కదిలే ఇల్లైనా, కదలని ఇల్లైనా, చల్లగా ఉంటుంది.

ప్రశ్నలు
1. ట్రక్ క్యాంపర్ నిర్మాణాన్ని వర్ణించండి.
2. 'ఈ ఇంటికి రక్షకుడు ఒక్కడు కాడు' – ఈ వాక్యాన్ని సమర్థించండి.
3. మీ ఇంట్లోని ఒక వస్తువు వారంటీ పత్రాన్ని చదివి, అందులోని షరతులను సొంతమాటలలో వ్రాయండి.